లేజర్ కటర్‌తో మొదటి పని: తెలుగు అక్షరాల నేమ్ ప్లేట్

లేజర్ కటర్ నేర్చుకోవాలని ఉందని ఎవరైనా అంటే, ముందు ఇంటికో గదికో ఒక తెలుగు నేమ్ ప్లేట్ చేయమంటాను. నేర్చుకోవాల్సినవన్నీ ఆ ఒక్క పనిలోనే వచ్చేస్తాయి. మెషిన్‌కి మీ మనసులో ఏముందో తెలియదు. ఫైల్లో గీత ఎక్కడుంటే అక్కడ కోసుకుంటూ పోతుంది. ఇంగ్లిష్ అక్షరమైతే ఎక్కువగా ఒకే ముక్క. మన అక్షరానికి తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు అంటూ ఎన్ని భాగాలు! అవన్నీ విడివిడిగా తెగి రాలిపోకుండా చూసుకోవడం వచ్చిందంటే మిగతా డిజైన్లు తేలికే.

నా మొదటి ప్లేట్ మీద రాయించింది 'పల్లవి' అన్న మాట. నేనే ఫైల్ తయారు చేసి ఒక షాపులో కోయించాను. షీట్ పైకి తీసేసరికి 'ప' తలకట్టు లేదు, 'ల్ల'లోని వత్తు లేదు. రెండూ షీట్ పరిచే బెడ్ జాలీ సందుల్లోంచి కింద ట్రేలో పడిపోయాయి. ఆ ముక్కలు వెతుక్కుంటూ కూర్చున్నప్పుడు అర్థమైన సంగతులే ఇక్కడ వరుసగా చెబుతున్నాను. ఉదాహరణకి అదే మాట తీసుకుందాం.

మెషిన్ ఎక్కడ దొరుకుతుంది

కొనాల్సిన పని లేదు. యాక్రిలిక్ నేమ్ బోర్డులు, షీల్డులు, పెళ్లి బోర్డులు చేసే షాపుల్లో ఇప్పుడు చాలాచోట్ల లేజర్ మెషిన్ ఉంటోంది. ఫైల్ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తే కోసిస్తారు. చాలామంది నిమిషానికి ఇంత అని లెక్క కడతారు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి రాయదుర్గంలో 2023 మార్చిలో ప్రారంభమైన టి-వర్క్స్ ఉంది, నమూనా వస్తువులు తయారు చేసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం పెట్టిన కేంద్రం అది. ఇంజనీరింగ్ విద్యార్థులైతే మీ కాలేజీలో ఏఐసీటీఈ ఐడియా ల్యాబ్ (ఇలాంటి మెషిన్లుండే ప్రయోగశాల) ఉందేమో ముందు కనుక్కోండి. షాపుకి వెళ్లేవాళ్లు రద్దీ లేని వేళ చూసుకుని, పక్కన నిలబడి చూడనిస్తారా అని అడగండి. గంటసేపు ఆపరేటర్ చేతులు చూస్తే వీడియోల్లో దొరకనివి చాలా తెలుస్తాయి.

ఈ షాపుల్లో ఉండేవి దాదాపు అన్నీ సీఓటూ లేజర్లు. గాజు ట్యూబ్‌లో కార్బన్ డయాక్సైడ్ కలిసిన వాయువు ఉంటుంది. దానికి కరెంటు ఇస్తే 10.6 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న పరారుణ కిరణం వస్తుంది. అది కంటికి కనిపించదు. ఎర్రగా కనిపించే చుక్క గురి చూసుకోవడానికి పెట్టిన వేరే చిన్న లైటు. ఈ రకం లేజర్‌ని 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టింది మన దేశంలో పుట్టినవాడే. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పుణెలో ఇంజనీరింగ్ చదివిన కుమార్ పటేల్. ఊరూరా నేమ్ బోర్డులు కోస్తున్న మెషిన్ వెనక ఆయన ఉన్నాడన్న సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేకపోయాను.

సీఓటూ కిరణం యాక్రిలిక్, చెక్క, ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో కలిపి నొక్కి చేసిన పలక), అట్ట, కాగితం, నూలు బట్ట, తోలు బాగా కోస్తుంది. షాపు మెషిన్లతో ఇనుము, ఇత్తడి, రాగి కోయడం కుదరదు. ఇళ్లలో వాడే చిన్న డయోడ్ లేజర్లు నీలం వెలుగుతో పనిచేస్తాయి. ఆ వెలుగు పారదర్శక యాక్రిలిక్‌లోంచి అలాగే దూరిపోతుంది కాబట్టి వాటితో క్లియర్ షీట్ తెగదు.

మెషిన్‌లో పెట్టకూడనివి

ఇది మాత్రం దాటేయకండి. పీవీసీ ఏ రూపంలో ఉన్నా లేజర్ కింద పెట్టకూడదు. అది కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. ఊపిరితిత్తులకి హాని, మెషిన్‌లోని ఇనుప పట్టాలకి తుప్పు, అద్దాలు పాడు. ఇబ్బంది ఏంటంటే మన షాపుల్లో పీవీసీని పీవీసీ అని అమ్మరు. సన్‌బోర్డ్ పేరుతో దొరికే ఫోమ్ షీట్లలో చాలావరకు పీవీసీయే. వినైల్ స్టిక్కర్ కూడా అంతే. బ్యాగులకి, సీటు కవర్లకి వాడే రెక్సిన్ తోలులా కనిపిస్తుంది గానీ, మామూలుగా దాని పై పూత పీవీసీ.

అనుమానం ఉంటే ఒక పాత పరీక్ష ఉంది. రాగి తీగని మంటలో ఎర్రగా కాల్చి, ప్లాస్టిక్ ముక్కకి ఆనించి, కొంచెం అంటుకున్నాక మళ్లీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా వస్తే అందులో క్లోరిన్ ఉంది. ఆరుబయటే చేయండి, ఆ పొగ పీల్చకండి, తీగని పటకారుతో పట్టుకోండి. పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్ సరిగా తెగకుండా పసుపు రంగుకి మారి మాడిపోతుంది. ఏబీఎస్ ప్లాస్టిక్ కరిగి విషపు పొగ వదులుతుంది. ఆ రెండూ వద్దు.

షీట్ ఎంపిక

నేమ్ ప్లేట్‌కి 3 మి.మీ. యాక్రిలిక్ సరిపోతుంది. అడుగున ఒక రంగు, దానిపై అక్షరాలకి ఇంకో రంగు. నలుపు మీద తెలుపు ఎంత దూరం నుంచైనా చదవొచ్చు. పెద్ద షీట్ కొనక్కర్లేదు, యాక్రిలిక్ అమ్మే చోట కట్ పీసులు అడగండి.

యాక్రిలిక్‌లో క్యాస్ట్, ఎక్స్‌ట్రూడెడ్ అని రెండు రకాలు. ఎన్‌గ్రేవింగ్ (పైపైన చెక్కడం) చేస్తే క్యాస్ట్ షీట్ మీద గీత తెల్లగా, మంచు పట్టినట్టు వస్తుంది. ఎక్స్‌ట్రూడెడ్ మీద అంత తేటగా కనిపించదు. కోయడానికి మాత్రమే అయితే రెండూ పనికొస్తాయి.

ఎండీఎఫ్ చవక. తప్పులు చేస్తూ నేర్చుకోవడానికి అంతకంటే మంచిది లేదు. కానీ వాన జల్లు తగిలే వరండాలో పెట్టే ప్లేట్‌కి వద్దు, తేమకి ఉబ్బిపోతుంది. ప్లైవుడ్ కొంటే లోపలి జిగురు గురించి అడగండి. నీళ్లు తట్టుకునేలా చేసిన ప్లైలో ఫినాలిక్ జిగురు ఉంటుంది. లేజర్ అక్కడికొచ్చి ఆగిపోతుంది, కొన్నిచోట్ల తెగి కొన్నిచోట్ల తెగదు.

డ్రాయింగ్: అసలు పని ఇక్కడే

సగానికి పైగా సమయం దీనికే కేటాయించండి. ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, యూనికోడ్ తెలుగుని వత్తులతో సహా సరిగ్గా చూపిస్తుంది. షాపుల్లో ఎక్కువగా కోరల్‌డ్రా, యూనికోడ్ కాని అను ఫాంట్లు వాడతారు. పాత కోరల్‌లో మీ యూనికోడ్ అక్షరాలు తెరిస్తే వత్తులు పక్కకి జరిగి, మాట చెదిరిపోయి కనిపించొచ్చు. అందుకే షాపుకి ఎప్పుడూ టైప్ చేసిన అక్షరాలు పంపకండి, గీతలుగా మార్చినవే పంపండి.

ఇంక్‌స్కేప్ తెరిచి, డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో కొలత మిల్లీమీటర్లకి మార్చండి. పేజీ 300 × 150 పెట్టుకోండి. 'పల్లవి' అని టైప్ చేయండి. ఫాంట్ లావుగా ఉండాలి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే రామభద్ర లాంటిది బాగుంటుంది. సన్నని, వయ్యారమైన ఫాంట్లు స్క్రీన్ మీద ముచ్చటగా ఉంటాయి గానీ, కోశాక చేత్తో పట్టుకుంటే పుటుక్కున విరుగుతాయి. అక్షరంలో అన్నిటికంటే సన్నని చోటు షీట్ మందం కంటే తక్కువ ఉండకూడదు. 3 మి.మీ. షీట్‌కి 3 మి.మీ. వెడల్పైనా ఉండాలి. అక్షరాల ఎత్తు 60 మి.మీ. దగ్గర మొదలుపెట్టండి.

తర్వాత మాటని సెలెక్ట్ చేసి షిఫ్ట్+కంట్రోల్+సి నొక్కితే అక్షరాలు గీతలుగా మారతాయి. అన్‌గ్రూప్ చేసి, అన్నిటినీ మళ్లీ సెలెక్ట్ చేసి, పాత్ మెనూలో యూనియన్ (ఒకదాని మీద ఒకటి ఎక్కిన ఆకారాల్ని ఒకటిగా కలిపేది) నొక్కండి. కోరల్‌లో అయితే కంట్రోల్+క్యూ, ఆ తర్వాత వెల్డ్. ఈ యూనియన్ మర్చిపోతే ఏమవుతుందంటే, ఒక అక్షరం మీద గుడి ఎక్కిన చోట రెండు ఆకారాల గీతలూ ఒకదాన్నొకటి దాటుకుంటూ లోపల మిగిలిపోతాయి. స్క్రీన్ మీద నల్లరంగు నింపి ఉంటుంది కాబట్టి కనిపించవు. లేజర్ మాత్రం ఆ గీతల వెంట పోయి గుడిని అక్షరం నుంచి కోసేస్తుంది.

అందుకే వ్యూ మెనూలో డిస్‌ప్లే మోడ్‌ని అవుట్‌లైన్‌కి మార్చి చూడటం అలవాటు చేసుకోండి. రంగులన్నీ పోయి ఒట్టి గీతలు కనిపిస్తాయి. మెషిన్ చూసేది అదే. ఇప్పుడు 'పల్లవి'ని దగ్గరికి లాగి ఒక్కో ఆకారం మీద వేలు పెట్టి లెక్కపెట్టండి. 'ప' కింది భాగం ఒకటి. దాని తలకట్టు విడిగా ఇంకొకటి. 'ల' ఒకటి, కింద వత్తు ఒకటి. 'వి' ఒకటి. మాటలో అక్షరాలు మూడే, తెగి వచ్చే ముక్కలు మాత్రం అయిదు. ప, ఫ, ష, స, హ లాంటి అక్షరాల్లో చాలా ఫాంట్లు తలకట్టుని విడిగానే పెడతాయి. వత్తు తగిలి ఉంటుందా, విడిగా ఉంటుందా అనేది ఫాంట్‌ని బట్టి మారుతుంది.

విడి ముక్కల్ని కలపడానికి సన్నని వంతెన గీయమని చాలామంది చెబుతారు. వత్తుకి ఆ పద్ధతి బాగానే పనిచేస్తుంది. 'ప' తలకట్టు దగ్గర మాత్రం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. తలకట్టుకి, కింది భాగానికి మధ్య ఆ కాస్త ఖాళీ ఉంటేనే అది 'ప'. విరగకుండా ఉండాలని అక్కడ 3 మి.మీ. వంతెన వేస్తే, వీధిలోంచి చూసేవాళ్లకి 'వ'లా కనిపిస్తుంది. 'పల్లవి' కాస్తా 'వల్లవి' అయిపోతుంది. అక్షరం అందంగా ఉండటం కంటే ముందు సరిగ్గా చదవగలిగేలా ఉండాలి.

అందుకే నేను రెండు పొరలు వాడతాను. అక్షరాల గీతల్ని డూప్లికేట్ చేసి, ఆ కాపీని పాత్ మెనూలోని అవుట్‌సెట్‌తో 5, 6 మి.మీ. బయటికి పెంచండి. ముక్కలన్నీ ఉబ్బి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. కలిసిన దాన్ని మళ్లీ యూనియన్ చేసి, లోపల మిగిలిన చిన్న చిన్న రంధ్రాల గీతలు తీసేయండి. మాట చుట్టూ నీడలాగా ఒకే అడుగు పలక వస్తుంది. అది నల్ల షీట్‌లో కోసి, దానిపై తెల్ల అక్షరాలు అతికిస్తే తలకట్టు తన చోట, వత్తు తన చోట ఉంటాయి, ఖాళీలూ అలాగే ఉంటాయి. మేకులకో స్క్రూలకో అడుగు పలకలో 4 మి.మీ. రంధ్రాలు రెండు గీయండి. అవి అంచుకి కనీసం 6 మి.మీ. లోపల ఉండాలి.

స్టెన్సిల్ చేయాలనుకుంటే లెక్క తిరగబడుతుంది. అక్కడ అక్షరం తెగి పడిపోయి, చుట్టూ ఉన్న షీట్ మిగలాలి. అప్పుడు సున్నా మధ్యలోని గుండ్రని ముక్క, 'వ', 'మ' లోపలి ముక్కలు కూడా రాలిపోతాయి. వాటికి వంతెన వేయక తప్పదు.

చివరగా రంగులు. షాపు సాఫ్ట్‌వేర్లలో రంగుని బట్టి పని విడిపోతుంది. కోయాల్సిన గీతలన్నీ ఎరుపు, పైపైన గీయాల్సినవి నీలం, చెక్కి నింపాల్సినవి నలుపు అని పెట్టుకుంటే ఆపరేటర్‌కి చెప్పడం తేలిక. గీత మందం అతి సన్నగా ఉంచి, లోపలి రంగు తీసేయండి. లైట్‌బర్న్ అయితే ఎస్‌వీజీ ఫైల్, ఆర్‌డీవర్క్స్ అయితే డీఎక్స్ఎఫ్ ఇవ్వండి, ఈ రెండూ షాపుల్లో మెషిన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్లు. డీఎక్స్ఎఫ్‌లో ఒక్కోసారి కొలత మారిపోతుంది. కాబట్టి ఫైల్ తెరిచిన వెంటనే మొత్తం వెడల్పు ఎంత చూపిస్తోందో అడగండి. మీ వెడల్పు 240 మి.మీ. అయితే 240 కనిపించాలి. ఆ నంబర్ కాగితం మీద రాసుకుని వెళ్లండి.

టెస్ట్ ముక్క

అదే షీట్ మూల మీద ఒక చిన్న చదరం, పక్కనే అయిదారు మిల్లీమీటర్ల గుండ్రం కోయించండి. 60 నుంచి 80 వాట్ల మెషిన్ మీద 3 మి.మీ. యాక్రిలిక్‌కి సెకనుకి 10–15 మి.మీ. వేగం, 60 శాతం పవర్ దగ్గర మొదలుపెట్టొచ్చు. ట్యూబ్ పాతబడితే అదే 60 శాతానికి తెగదు, కాబట్టి ఈ అంకెల్ని నమ్ముకోకుండా ముక్కని నమ్ముకోండి. తెగకపోతే ముందు వేగం తగ్గించి చూడండి. పవర్ 100కి పెంచి అలాగే నడిపితే ట్యూబ్ ఆయుష్షు తగ్గుతుంది. షాపువాళ్లు ఒప్పుకోకపోవడానికి కారణం అదే.

అంచుని కూడా చూడండి. యాక్రిలిక్ అంచు గాజులా మెరుస్తూ ఉంటే సరైన చోట ఉన్నారు. అడ్డంగా గాట్లు పడుతుంటే వేగం ఎక్కువ. అంచు కరిగి బుడగలు కట్టినట్టుంటే వేగం తక్కువ లేదా ఫోకస్ తప్పింది. ఆర్‌డీవర్క్స్‌లో మినిమమ్, మ్యాక్సిమమ్ అని రెండు పవర్లు ఉంటాయి. మూల తిరిగేటప్పుడు హెడ్ (కిరణం బయటికి వచ్చే, కదిలే భాగం) నెమ్మదిస్తుంది, అప్పుడు మినిమమ్ వైపు పవర్ తగ్గుతుంది. గీత అంతా తెగి మూలలు మాత్రం తెగకపోతే, ఆ మినిమమ్ కొంచెం పెంచమనండి.

లేజర్ కోసిన చోట కొంత పదార్థం ఆవిరైపోతుంది. దాన్ని కెర్ఫ్ అంటారు, మామూలుగా 0.1 నుంచి 0.3 మి.మీ. నేమ్ ప్లేట్‌కి దాంతో పని లేదు. తర్వాత ఫోన్ స్టాండో, పెన్నుల డబ్బానో చేసి ముక్కలు ఒకదాన్లో ఒకటి దూర్చాలంటే మాత్రం కొలవాలి. 10 మి.మీ. వెడల్పు పట్టీలు పది వరుసగా కోసి, దగ్గరికి నెట్టి వెర్నియర్‌తో కొలవండి. 100కి బదులు 98 వస్తే ఒక్కో కెర్ఫ్ 0.2. షీట్ మందం కూడా కొలవండి, 3 అని అమ్మింది 2.8 ఉండటం మామూలే. అప్పుడు గాడి 2.6 గీస్తే బిగువుగా కూర్చుంటుంది. ఎండీఎఫ్ కాస్త బిగువుని ఓర్చుకుంటుంది, యాక్రిలిక్ మాత్రం పగులుతుంది.

కోసేటప్పుడు

మెషిన్ ఆన్ చేశాక మొదట ట్యూబ్‌ని చల్లబరిచే చిల్లర్‌లో నీళ్లు తిరుగుతున్నాయా చూడండి. నీళ్లు లేకుండా ట్యూబ్ వెలిగితే గాజు పగిలిపోతుంది. మన ఎండాకాలంలో ఫ్యాన్‌తో మాత్రమే చల్లబరిచే చిన్న డబ్బా సరిపోదు. గది వేడి ఎంతుంటే నీళ్లు అంతకంటే చల్లబడవు. ఏప్రిల్, మేలో మధ్యాహ్నం కాకుండా పొద్దున్నే పని పెట్టుకోండి. తర్వాత పొగని బయటికి లాగే ఎగ్జాస్ట్, కోసే చోట గాలి ఊదే పంపు నడుస్తున్నాయా చూడండి.

షీట్‌ని బెడ్ మీద చదునుగా పరిచి, వంగి ఉంటే అంచుల మీద బరువులు పెట్టండి. పైనున్న కాగితం తీయకండి, అది పొగ మరకల నుంచి కాపాడుతుంది. మెషిన్‌తో ఇచ్చిన గేజ్ ముక్కని షీట్ మీద నిలబెట్టి, హెడ్‌ని దానికి ఆనేంతవరకు దించితే ఫోకస్ కుదిరినట్టే. షీట్ మందం మారిన ప్రతిసారీ ఇది చేయాలి. ఆ తర్వాత ఆరిజిన్ (పని మొదలయ్యే చోటు) పెట్టి, ఫ్రేమ్ బటన్ నొక్కండి. కోయకుండా హెడ్ చుట్టూ ఒకసారి తిరిగి చూపిస్తుంది. షీట్ చాలకపోతే అక్కడే తెలుస్తుంది.

వరుస ముఖ్యం. ముందు చెక్కుడు పని, తర్వాత లోపలి రంధ్రాలు, ఆఖరున బయటి గీత. బయటి గీత ముందు కోస్తే ముక్క కొంచెం కుంగుతుంది లేదా జరుగుతుంది. ఆ తర్వాత కోసే రంధ్రం పక్కకి పోతుంది. యాక్రిలిక్‌కి గాలి మెల్లగా ఉంటే అంచు మెరుస్తుంది. చెక్కకి, ఎండీఎఫ్‌కి గాలి గట్టిగా ఉండాలి.

నడుస్తున్న మెషిన్‌ని వదిలి ఎక్కడికీ వెళ్లకండి, ఫోన్ వచ్చినా సరే. యాక్రిలిక్‌కి మంట అంటుకుంటుంది. హెడ్ వెంట చిన్న నిప్పురవ్వ కనిపించడం మామూలే. అది హెడ్ ముందుకి పోయాక కూడా వెనక మిగిలి పెరుగుతుంటే మంట. వెంటనే స్టాప్ నొక్కండి. మంట ఆర్పే సిలిండర్ ఎక్కడుందో ముందే చూసి పెట్టుకోండి. బెడ్ కింద ట్రేలో పాత ముక్కలు పేరుకుపోయి ఉంటే మొదలుపెట్టక ముందే తీయించండి. మూత తెరిచి ఎప్పుడూ నడపవద్దు. ట్యూబ్‌కి వెళ్లే కరెంటు వేల వోల్టుల్లో ఉంటుంది కాబట్టి వెనక తలుపు జోలికి పోవద్దు. పని అయ్యాక ఒకట్రెండు నిమిషాలు ఎగ్జాస్ట్ నడవనిచ్చి, పొగ పోయాక మూత తీయండి.

షీట్ ఎత్తకుండా ముందు చేత్తో ముక్కని పై నుంచి కొంచెం నొక్కి చూడండి. ఒక్కచోట తెగకపోతే కదిలించకుండా అదే గీత మళ్లీ నడిపించవచ్చు. షీట్ ఒక్కసారి కదిలిందంటే ఆ అవకాశం పోయినట్టే. తలకట్టు, వత్తు లాంటి చిన్న ముక్కలు జాలీలోంచి పడకుండా షీట్ కింది వైపు, వాటి దగ్గర కాగితం మాస్కింగ్ టేప్ అతికిస్తే అక్కడే నిలుస్తాయి.

అతికించడం

అక్షరాలు తీసేశాక మిగిలిన తెల్ల షీట్‌ని పారేయకండి. అక్షరాల ఆకారంలో ఖాళీలున్న ఆ షీట్‌ని నల్ల పలక మీద పరిస్తే, ఏ ముక్క ఎక్కడ కూర్చోవాలో అదే చూపిస్తుంది. తలకట్టు వెనక, వత్తు వెనక సన్నని డబుల్ సైడ్ టేప్ ముక్కలు అతికించి, ఒక్కొక్కటిగా ఆ ఖాళీల్లోకి దించి గట్టిగా నొక్కండి. తర్వాత షీట్ పైకి ఎత్తేయండి. కంటితో సరిచూసి పెట్టడానికీ దీనికీ చాలా తేడా ఉంటుంది, ముఖ్యంగా 'ప' మీది ఖాళీ ఎంత ఉండాలో అంతే వస్తుంది. షాపుల్లో యాక్రిలిక్ అతికించడానికి క్లోరోఫామ్ వాడతారు. గట్టిగా పడుతుంది గానీ ఆవిరి మంచిది కాదు. పైగా మార్గం చూపించే షీట్ కిందికి పాకిందంటే అదీ అతుక్కుపోతుంది. ఇంట్లో చేసుకునేవాళ్లకి టేపే మేలు.

అక్షరాల పైన కాగితం అన్నిటికంటే ఆఖరున తీయండి. వేలిముద్రలుంటే చుక్క సబ్బు కలిపిన నీళ్లలో ముంచి పిండిన మెత్తటి బట్టతో తుడవండి. స్పిరిట్, శానిటైజర్ వద్దు. నేను ఒక ప్లేట్‌ని శానిటైజర్‌తో తుడిచాను. పది నిమిషాల్లో లేజర్ కోసిన అంచుల నుంచి లోపలికి వెంట్రుకల్లాంటి పగుళ్లు పాకాయి. కోసేటప్పుడు పుట్టిన వేడికి అంచులో ఒత్తిడి మిగిలి ఉంటుంది, ఆల్కహాల్ తగలగానే అది పగుళ్లుగా బయటపడుతుంది. ఆ ప్లేట్ మళ్లీ కోయించాల్సి వచ్చింది.

గోడకి బిగించేటప్పుడు స్క్రూ మరీ బిగించకండి. తల ఆనాక పావు తిప్పు వెనక్కి తిప్పి వదలండి. ఎండకి యాక్రిలిక్ కొంచెం సాగుతుంది, దానికి కదలడానికి చోటుంటే రంధ్రం దగ్గర పగలదు.